సి.ఎస్.ఆర్.లో ‘సి’ అంటే చిలకలపూడి

బెజవాడలో ఎక్కిన రైలు గుడివాడ దాటాక తొందర మానేస్తుంది. రెండు పక్కలా వరిచేలు, చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. కిటికీలోంచి వచ్చే గాలిలో ఉప్పు వాసన తగిలిందంటే సముద్రం దగ్గరపడినట్టే. బందరు స్టేషన్‌కు ముందు ఒక చిన్న స్టేషన్ వస్తుంది. ఫ్లాట్‌ఫారం మీద పసుపు పలక, దాని మీద నల్లటి అక్షరాలు: చిలకలపూడి. బందరు వెళ్లేవాళ్లు అప్పటికే సంచులు సర్దుకుని లేచి నిలబడతారు కాబట్టి ఆ పలక వైపు చూసేవాళ్లు తక్కువ. నేను మాత్రం ఆ పేరు కోసమే దిగాను.

తెలుగువాళ్లకు ఈ పేరు వినగానే తోచేవి సాధారణంగా రెండు. ఒకటి రోల్డ్‌గోల్డ్ నగలు, రెండోది పాండురంగడి గుడి. మూడోది కూడా ఉంది, అది మన కళ్లెదుటే ఉండి కనిపించకుండా పోయింది. పాత సినిమాల టైటిళ్లలో సి.ఎస్.ఆర్. అని మూడు పొడి అక్షరాలు పడతాయి. మాయాబజార్ శకుని, దేవదాసు జమీందారు, కన్యాశుల్కం రామప్పపంతులు, జగదేకవీరుని కథ మంత్రి, అన్నీ ఆయనే. పూర్తి పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. మొదటి అక్షరంలో ఈ ఊరి పేరు ముడుచుకుని కూర్చుంది. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేమీ కాదు. కానీ ఒక ఊరికి ఉన్న గుణాలన్నీ ఆ పేరు మోసిన మనిషి వృత్తిలోకి ఇలా నడిచి రావడం నేను మరెక్కడా చూడలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఊళ్లోకి వెళ్లాలి.

చిలకలపూడి వీధుల్లో చెవికి పని ఎక్కువ. ఒక ఇంట్లో సుత్తి టకటక, పక్కింట్లో మోటారు రొద, ఆ పైవాటాలో మెరుగుపట్టే యంత్రం గీ అని. అరుగుల మీద ఆడవాళ్లు చిన్న పట్టకారుతో గొలుసు కొక్కేలు కలుపుతూనో, గుంటల్లో రాళ్లు పొదుగుతూనో కనిపిస్తారు. ఒక నగ పూర్తయ్యేలోగా నాలుగైదు ఇళ్లు తిరుగుతుంది. తీగ లాగే ఇల్లు వేరు, అచ్చు వేసే ఇల్లు వేరు, టంకం పెట్టేది ఒకచోట, రాయి పొదిగేది ఇంకోచోట. కాసులపేరు, నల్లపూసల గొలుసు, వంకీ, వడ్డాణం, చెంపసరాలు, పాపిటబొట్టు, ఏది కావాలన్నా ఈ వీధుల్లోనే పుడుతుంది. పెళ్లికూతుళ్లకే కాకుండా కూచిపూడి నర్తకుల తలలకు, మెడలకు, నడుములకు కూడా ఇక్కడి సరుకే వెళుతుంది.

రోల్డ్‌గోల్డ్ అంటే పైన బంగారు నీళ్లు చల్లిన సరుకని చాలామంది అనుకుంటారు. అసలు పాత పద్ధతి అది కాదు. రాగి దిమ్మ తీసుకుని దాని చుట్టూ పలుచటి బంగారు రేకు తొడుగుతారు. వేడిచేసి, నొక్కి, రెండింటినీ విడదీయరానంతగా అతికిస్తారు. ఆ దిమ్మను రోలర్ల మధ్య నడిపి సన్నం చేస్తారు. తర్వాత కమ్మచ్చు పని. కమ్మచ్చంటే వరసగా చిన్నవయ్యే బెజ్జాలున్న ఉక్కుపలక. తీగను పెద్ద బెజ్జంలోంచి లాగి, తర్వాత దానికంటే చిన్నదాంట్లోంచి, ఆ తర్వాత ఇంకా చిన్నదాంట్లోంచి లాగుకుంటూ పోతారు. ఇక్కడ ఒక వింత ఉంది. రాగి ఎంత సన్నబడితే పైనున్న బంగారమూ అంతే సన్నబడుతుంది. దిమ్మలో రెండిటికీ ఏ పాళ్లు కుదిరాయో వెంట్రుకంత తీగలోనూ అవే పాళ్లు నిలుస్తాయి. ఎక్కడ కోసి చూసినా లోపల రాగి చుక్క, చుట్టూ బంగారు గీత. బంగారానికి ఆ సాగే గుణం పుట్టుకతోనే ఉంది. ఒక్క గ్రామును రెండు కిలోమీటర్లకు పైబడిన తీగగా సాగదీయవచ్చు. ఈ ఊరివాళ్లు ఆ గుణాన్ని పట్టుకుని, తులం బంగారం కొనలేని ఇళ్లకు పెళ్లికళ తెచ్చారు. ఇప్పుడు కరెంటుతో పూత పట్టించే పద్ధతి వచ్చింది, ఒక గ్రాము నగలు వచ్చాయి, ఊరికి దగ్గర్లోనే పోతేపల్లిలో నగల పార్కు వెలిసింది. కమ్మచ్చు మాత్రం ఇంకా మూలపడలేదు.

మాటల్లో ‘చిలకలపూడి బంగారం’ అని ఎవరైనా అంటే పైమెరుపు సరుకని ఎత్తిపొడవడానికే అంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇక్కడి ఏ దుకాణంలోనూ ఇది మేలిమి అని చెప్పి అమ్మరు. రోల్డ్‌గోల్డ్ అని పలక మీదే రాసి ఉంటుంది. కొనేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లకు తెలుసు. తెలిసీ ఇష్టపడి పెట్టుకునే మెరుపు అది. నాటకంలో కృష్ణుడి వేషం కట్టినవాడు కృష్ణుడు కాడని ముందు చాప మీద కూర్చున్నవాడికి తెలియదా? తెలిసే చేతులు జోడిస్తాడు.

సీతారామాంజనేయులు 1907 జూలై 11న పుట్టారు. ఆ కాలం పద్యనాటకం కాలం. తెల్లవార్లూ నాటకాలు నడిచేవి. హార్మోనియం పక్కన నిలబడి గొంతెత్తినవాడే కథానాయకుడు. పద్యం బాగుంటే వన్స్‌మోర్లు కురిసేవి, చచ్చిపడిన పాత్ర సైతం లేచి మళ్లీ పాడాల్సి వచ్చేది. ఆ పద్యాలకు బందరు పెద్ద ఊట. తెలుగునాట ఊరూరా మారుమోగిన ‘పాండవోద్యోగ విజయములు’ రాసిన తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేశారు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో కృష్ణాపత్రిక ఇక్కడి నుంచే వెలువడేది. ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ అని ఒక నాటక సమాజం ఇక్కడ ఉండేది, దానికి నాటకాలు రాసిన యువకుడి పేరు పింగళి నాగేంద్రరావు. ఈ పేరును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. తెలుగు సినిమాకు తండ్రి అని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య కూడా 1869లో బందరులో పుట్టినవారే.

అలాంటి కాలంలో సి.ఎస్.ఆర్. రంగస్థలం మీద కృష్ణుడిగా పేరు తెచ్చుకున్నారు. చక్కటి రూపం, అంతకంటే చక్కటి గొంతు. ఆయన పద్యంలో అక్షరం రాగం కింద నలగదు. అర్థం ముందు నడుస్తుంది, రాగం దాని వెనక గొడుగు పట్టుకుని వస్తుంది. ఈ మాట నేను ఆయన నాటకం చూసి చెప్పడం లేదు. ఆ భాగ్యం మా తరానికి లేదు. తర్వాతి సినిమాల్లో ఆయన మాట విరుపు విని వెనక్కి లెక్కకట్టి చెబుతున్నాను. పద్యాన్ని పదాలుగా విడగొట్టడం తెలిసినవాడే వచనాన్ని అలా తూచి పలకగలడు.

1932 ఫిబ్రవరిలో భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడింది. అప్పటికి అయిదేళ్ల ముందే హాలీవుడ్‌లో టాకీలు మొదలయ్యాయి. అక్కడ జరిగింది, ఇక్కడ జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ మూకీల్లో వెలిగిన జాన్ గిల్బర్ట్ లాంటి తారలు మాటలు రాగానే మసకబారారు. మనకు అప్పటికి తెలుగు తెర మీద అలా వెలిగిన మూకీ తారలు అంతగా లేరు. గొంతు ఉన్నవాళ్లంతా నాటకాల్లోనే ఉన్నారు. టాకీ వచ్చి వాళ్ల ఇంటి తలుపు తట్టింది. నేపథ్యగానం అనే మాటే లేని రోజులవి. ఎవరి పాట వాళ్లే, ఎవరి పద్యం వాళ్లే, అదీ కెమెరా తిరుగుతుండగానే.

1936లో ఒకే కథ మీద రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి. ఒకటి ద్రౌపదీ మానసంరక్షణం, అందులో దుర్యోధనుడు బళ్లారి రాఘవ. రెండోది హెచ్.వి. బాబు తీసిన ద్రౌపదీ వస్త్రాపహరణం. ఇందులో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది, సి.ఎస్.ఆర్. కృష్ణుడు. రాఘవ అంతటి నటుడున్నా గెలుపు రెండో సినిమాదే అయింది. అప్పటికి సి.ఎస్.ఆర్.కు ముప్పై ఏళ్లు నిండలేదు. పాచికల ఆటలో అన్నీ పోగొట్టుకున్న వంశపు కోడలికి చీరలిచ్చి ఆదుకునే దేవుడి పాత్ర అది. ఈ పాచికల సంగతి కూడా మనసులో పెట్టుకోండి.

మరుసటి ఏడు, 1937లో, ఆయన తుకారాం అయ్యారు.

ఇక్కడ నేను నగల వీధి వదిలి గుడి వైపు నడుస్తాను. చిలకలపూడి పాండురంగస్వామి గుడి 1929లో వెలిసింది. భక్త నరసింహం అనే భక్తుడు కట్టించారు. ఆ కార్తీక మాసంలో స్వామి ఇక్కడ స్వయంగా వెలిశాడని భక్తుల నమ్మకం. చిలకను సంస్కృతంలో కీరం అంటారు కాబట్టి ఈ చోటికి కీర పండరిపురం అని పేరొచ్చింది. తెలుగు పల్లె పేరును అలా సంస్కృతంలోకి తిప్పి పండరిపురం పక్కన కూర్చోబెట్టిన ఆలోచన నాకు ఎంతో ముద్దొచ్చింది. గర్భగుడిలో స్వామి మూడు అడుగుల ఎత్తుంటాడు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్న మనిషిలా నిలబడి ఉంటాడు. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండి కాసేపు ఆగమంటే, అతను విసిరిన ఇటుక మీద నిలబడ్డ దేవుడు కదా! ఇక్కడ ఇంకో విశేషం, పండరిపురంలో లాగానే భక్తులు స్వయంగా స్వామి పాదాలు తాకవచ్చు. గీత గీసి ఆపే దూరం లేదు. వరసలో నా ముందున్న ముసలమ్మ స్వామి పాదాల మీద నుదురు ఆన్చి చాలాసేపు లేవలేదు. వెనకున్నవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు.

తెలుగు డెల్టాలో మరాఠీ దేవుడేమిటని అడిగితే జవాబు రోడ్డు మీదే ఉంది. బందరు నుంచి బెజవాడ, హైదరాబాదు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఒక కొస ఇక్కడి సముద్రం దగ్గరుంది. సుమారు 840 కిలోమీటర్ల తర్వాత రెండో కొస పుణెలో ఉంది. తుకారాం పుట్టి పెరిగిన దేహూ గ్రామం పుణె పక్కనే. ఆ రోడ్డు దాటిపోయే సోలాపూర్ నుంచి పండరిపురం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. పదిహేడో శతాబ్దపు ఆ భక్తుడి ఊరు, చిలకలపూడి ఒకే దారికి రెండు చివర్లు. నంబర్లు వేసినవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు. మ్యాపు పరిచి వేలితో గీత గీసుకుంటూ వచ్చిన రోజు నాకు నిద్రపట్టలేదు.

1936లో పుణెలోని ప్రభాత్ వాళ్లు మరాఠీలో సంత్ తుకారాం తీశారు. విష్ణుపంత్ పాగ్నిస్ నటించిన ఆ సినిమా మరుసటి ఏడు వెనిస్ చిత్రోత్సవం దాకా వెళ్లింది. ఆ 1937లోనే తెలుగు తుకారాం వచ్చింది. చిలకలపూడిలో పాండురంగడు వెలిసిన ఎనిమిదేళ్లకు చిలకలపూడి ఇంటిపేరున్న నటుడు పాండురంగడి భక్తుడిగా తెర మీద పాడాడు. ఇరవై ఏళ్లు గడిచాక 1957లో పాండురంగ మహాత్మ్యం తీసిన కమలాకర కామేశ్వరరావు కూడా బందరు మనిషే. ఒకప్పుడు కృష్ణాపత్రికలో సినిమాల మంచిచెడ్డలు రాసినవారు. పుండరీకుడిగా నటించిన ఎన్.టి. రామారావు ఊరు నిమ్మకూరు, బందరు వెళ్లే ఈ దారిలో పామర్రు దగ్గరే. పాండురంగడు ఈ డెల్టాకు ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్న నాకు మెల్లగా అర్థం లేనిదైపోయింది.

తుకారాం తర్వాత వేంకటేశ్వరుడు. 1939లో పి. పుల్లయ్య తీసిన బాలాజీలో సి.ఎస్.ఆర్. శ్రీనివాసుడు, శాంతకుమారి పద్మావతి. 1960లో అదే పుల్లయ్య అదే కథను ఎన్.టి. రామారావుతో మళ్లీ తీసినప్పుడు శాంతకుమారి వకుళమాత అయ్యారు. కాలం మనుషుల్ని ఎలా జరుపుతుందో ఆ రెండు సినిమాల పాత్రల జాబితాలు చూస్తే చాలు. సి.ఎస్.ఆర్. విషయంలో కాలం ఇంకా ముందే జరిగింది. 1941లో చూడామణిలో పుష్పవల్లి సరసన నటించారు. ఆ దశాబ్దం గడిచేకొద్దీ పద్యం తగ్గింది, సంభాషణ పెరిగింది, నేపథ్యగానం వచ్చింది. గొంతు లేకున్నా ముఖం బాగున్న కుర్రవాళ్లు నాయకులు కాగల రోజులొచ్చాయి. రామాపురం నుంచి అక్కినేని, నిమ్మకూరు నుంచి రామారావు బయల్దేరారు. నలభై ఏళ్లకు చేరువవుతున్న నాటకాల కృష్ణుడు ఏం చెయ్యాలి?

ఆ తరంలో చాలామంది నాటక నటులు ఈ మలుపు దగ్గరే ఆగిపోయారు. కొందరు మళ్లీ స్టేజీకి వెళ్లారు, కొందరు మౌనంగా ఇంట్లో కూర్చున్నారు. సి.ఎస్.ఆర్. వేషం మార్చారు. 1946లో ఎల్.వి. ప్రసాద్ మొదటిసారి దర్శకత్వం వహించిన గృహప్రవేశం వచ్చింది. గుడివాడ దగ్గరి అంగలూరు త్రిపురనేని ఇంటి బిడ్డ గోపీచంద్ దాని రచయిత. భానుమతి నాయిక. సి.ఎస్.ఆర్. అందులో రమణరావు, నవ్వించే దుర్మార్గుడు. కృష్ణుడి కిరీటం, తుకారాం తంబుర, శ్రీనివాసుడి నామం, పదేళ్లు మోసిన ఆ బరువంతా ఒక్క సినిమాలో దించేసి, సూటూబూటూ వేసుకుని ఆయన నవ్వుతూ వచ్చారు. జనం ఆ నవ్వుకు పడిపోయారు.

అదే 1946లో హాలీవుడ్‌లో హిచ్‌కాక్ తీసిన నొటోరియస్ వచ్చింది. అందులో దుష్టుడు క్లాడ్ రెయిన్స్. లండన్ నాటకాల్లో తేలిన నటుడాయన. 1933లో అదృశ్యమానవుడి పాత్రలో ముఖం ఆఖరి క్షణాల దాకా కనబడకుండా, గొంతు ఒక్కదానితోనే సినిమా మొత్తాన్ని మోశారు. తర్వాత క్యాసబ్లాంకాలో పోలీసు అధికారి. కథానాయకుడి పక్కన నిలబడి, మర్యాదగా మాట్లాడుతూ, సన్నివేశాన్ని నెమ్మదిగా తన జేబులో వేసుకునే రకం. ఆయన్నూ మన సి.ఎస్.ఆర్.నూ ఒకరికొకరు తెలిసి ఉండరు. నాటకం నేర్పిన గొంతు సినిమాలో పెద్దమనిషి దుర్మార్గానికి ఎంత బాగా పనికొస్తుందో ఇద్దరూ ఒకే కాలంలో, భూగోళానికి చెరో వైపున కనిపెట్టారు. హాలీవుడ్ అలాంటి నటుల మీద పుస్తకాలకు పుస్తకాలు అచ్చేసుకుంది. మనం సి.ఎస్.ఆర్. మీద వేసింది సరిపోదని నా అభిప్రాయం.

ఆ తర్వాతి పదిహేనేళ్లూ ఆయనవే. 1951లో పాతాళభైరవిలో ఉజ్జయిని మహారాజు. 1953లో దేవదాసు. ఈ సినిమా మీద డెల్టావాళ్లకు ఒక ప్రత్యేక హక్కుందని నేనంటాను. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడివారు, దేవదాసు అక్కినేని గుడివాడ పక్క పల్లెవారు, పార్వతిని పెళ్లాడే జమీందారు భుజంగరావు ఇంటిపేరు చిలకలపూడి. ఆ జమీందారు పాత్రను ఎంత సులువుగా చెడగొట్టొచ్చో ఆలోచించండి. ముసలి పెళ్లికొడుకు అనగానే వెకిలితనం వచ్చి కూర్చుంటుంది, లేదా క్రూరత్వం. సి.ఎస్.ఆర్. రెండూ చెయ్యలేదు. ఆ మనిషి హుందాగా ఉంటాడు. అతని మంచితనమే పార్వతికి గోడ. తిట్టే మొగుణ్ణి వదిలిపోవచ్చు, మర్యాదస్తుణ్ణి ఎలా వదలడం? సావిత్రి కళ్లలో కనిపించే ఆ ఉక్కిరిబిక్కిరికి సగం కారణం ఎదురుగా నిలబడ్డ నటుడి నెమ్మది.

మరుసటి ఏడు భానుమతి, అక్కినేని ఉన్న సినిమాకు ఈయన పాత్ర పేరే పెట్టారు: చక్రపాణి. మునిమనవడి కోసం లక్ష రూపాయలు దాచిపెట్టిన పిసినారి ముసలాయన. నలభైల్లో ఉన్న మనిషి నడుం వంచి, గొంతు వణికించి, ముత్తాత అయిపోయారు. 1955లో రోజులు మారాయిలో రైతుల నోరుకొట్టే జమీందారు సాగరయ్య. అదే ఏడు కన్యాశుల్కం. దర్శకుడు ఎవరనుకున్నారు? పి. పుల్లయ్య. పదహారేళ్ల కిందట తనకు తిరుపతి వేంకటేశ్వరుడిగా నిలబడ్డ మనిషిని పిలిచి ఇప్పుడు రామప్పపంతులు వేషం ఇచ్చారు.

రామప్పపంతులు గురజాడ సృష్టించిన చక్కటి రోల్డ్‌గోల్డ్ మనిషి. పైకి కోర్టు వ్యవహారాలు, సరసం. లోపల పిరికితనం, చిల్లర కుట్ర. ఆ నాటకంలో ఒక కంటె చుట్టూ పంతులు పడే అవస్థ తెలిసిందే. ఆడదాని ముందు గొప్పలకు పోయి, ఆ నగ దగ్గరే పరువంతా పోగొట్టుకుంటాడు. సి.ఎస్.ఆర్. ఆ పాత్రను తక్కువగా చూడలేదు. గిరీశంగా రామారావు, మధురవాణిగా సావిత్రి ఉన్న చోట ఆయన పంతులు గంభీరంగా ఉంటాడు, తన గొప్పను తనే పూర్తిగా నమ్ముతాడు. నటుడు మాత్రం మనకు రేకు ఎక్కడ పలుచబడిందో చూపిస్తూనే ఉంటాడు, ఒక కనుబొమ్మ దగ్గర, ఒక మాట చివర. చూస్తున్నంతసేపూ నాకు గీటురాయి మీద గీసిన గీత గుర్తొచ్చింది.

ఇక 1957 మార్చిలో మాయాబజార్. ఆయన శకుని. ఇరవైఒక్క ఏళ్ల కిందట పాచికల వల్ల చెరబడిన ద్రౌపదిని ఆదుకున్న కృష్ణుడే ఇప్పుడు పాచికలు చేతబట్టాడు. ఎదుట కృష్ణుడిగా నిమ్మకూరు కుర్రవాడు. ఒక నటుడి జీవితంలో కథ ఇంత చక్కగా బోర్లాపడటం ఎవరైనా కావాలని రాసినా కుదరదు. కృష్ణుణ్ణి లోపల్నుంచి ఎరిగినవాడు కాబట్టే ఆయన శకుని అంత ప్రమాదకరంగా, అంత ముచ్చటగా ఉంటాడు. అరవడు. కళ్లు చిన్నవి చేసి, మాటను చప్పరించి వదులుతాడు. చేతిలో పాచికలు గలగలమంటే ఆయన గొంతూ ఆ గలగలతోనే కలిసిపోతుంది. ఆఖర్లో సత్యపీఠం సన్నివేశం ఉంది. ఆ పీఠం మీద నిలబడ్డవాడు నిజమే చెప్పాలి. శకుని ఎక్కుతాడు, పన్నిన కుట్రంతా తన నోటితో తనే కక్కేస్తాడు. అబద్ధానికి అలవాటుపడ్డ ముఖంలోంచి నిజం తన్నుకొస్తుంటే ఆపబోయి ఆపలేక, అందులోనే ఏదో సుఖం దొరికినట్టు ఆ నటుడు చూపే విన్యాసాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గీటురాయి మాటలాడితే అలాగే ఉంటుంది.

ఆ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. బందరు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ పింగళే. పాతాళభైరవి, మాయాబజార్, 1961లో జగదేకవీరుని కథ, విజయావారి ఈ సినిమాలన్నిట్లో పింగళి రాశారు, సి.ఎస్.ఆర్. పలికారు. లేని మాటను పుట్టించడం పింగళికి సరదా. పుట్టిన మాటను తాతల నాటి నుంచి వాడుకలో ఉన్నట్టు పలకడం సి.ఎస్.ఆర్.కు విద్య. జగదేకవీరుని కథలో బాదరాయణ ప్రెగ్గడ అనే కొత్త మంత్రి, రాజనాల వేసిన రాజును శృంగారవీరుడని సంబోధిస్తూ సలహా మీద సలహా ఇచ్చి గోతిలోకి దించుతుంటాడు. అందులో సంస్కృతం వాసన, పద్యనాటకం దీర్ఘం, బందరు చమత్కారం, మూడూ కలిసి ఉన్నాయి. పద్యం పోయిందని మనం అనుకున్నాం కానీ ఆయన దాన్ని వచనంలోకి లాగారు. పెద్ద బెజ్జంలోంచి చిన్న బెజ్జంలోకి లాగిన తీగలో బంగారం పాలు తగ్గనట్టే, 1936 నాటి కృష్ణుడి పద్యంలో ఎంత విద్య ఉందో 1961 నాటి మంత్రి పొడిమాటలోనూ అంతే ఉంది. చిలకలపూడి రావడానికి ముందు నాకు ఈ పోలిక తట్టలేదు. కమ్మచ్చు పక్కన అరగంట నిలబడ్డాక తట్టింది.

1963 అక్టోబర్ 8న సి.ఎస్.ఆర్. కన్నుమూశారు. యాభైఆరేళ్లే. ముసలి వేషాలు ఎన్ని వేశారో, ముసలితనం మాత్రం చూడలేదు.

ఈ ఊరు చూడాలనుకునేవాళ్లకు దారి సులువు. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు రైలుమార్గం 80 కిలోమీటర్లు. చిలకలపూడిలో అన్ని బళ్లూ ఆగవు, ప్యాసింజర్ ఎక్కితే మంచిది. రోడ్డున 70 కిలోమీటర్లు, బందరు బస్టాండు నుంచి ఆటోలు దొరుకుతాయి. కార్తీకంలో శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా పాండురంగడి ఉత్సవాలు. పౌర్ణమినాడు జనం గుడి చూసుకుని పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి సముద్రస్నానానికి వెళతారు. రద్దీ వద్దనుకుంటే మామూలు రోజు పొద్దున్నే రావాలి, పాదాల దగ్గర కాసేపు నిలబడనిస్తారు. నగలు దుకాణాల్లో కొనొచ్చు. పని చూడాలంటే మాత్రం ఇంటివాళ్లను అడిగి లోపలికి వెళ్లాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఫొటో తీసేముందు కూడా ఓ మాట అడగండి, డిజైన్లు వాళ్ల బతుకుతెరువు.

సాయంత్రం రైలుకు ఇంకా టైముంటే ఒక తీగ లాగే ఇంటి అరుగు మీద కూర్చున్నాను. లోపల టీవీలో ఏదో పాత సినిమా నడుస్తోంది. ఇంటాయన కమ్మచ్చులోంచి తీగ లాగుతూ, కళ్లు పనిమీదే ఉంచి, చెవి మాత్రం అటు పారేశాడు. సి.ఎస్.ఆర్. గొంతు వినిపించింది. ఆ నటుడి ఇంటిపేరు ఈ ఊరిదేనని చెప్పాను. ఆయన చేతిలో పట్టకారు ఆగింది. లోపలికి తిరిగి భార్యను పిలిచి, టీవీ సౌండు పెంచమన్నాడు.